టెక్నాలజీ వచ్చాక లైబ్రేరియన్‌కు పని తగ్గిందా?

తగ్గలేదు, మారింది. ఒకప్పుడు ఒక్కో పుస్తకానికి రచయిత, శీర్షిక, విషయం వారీగా విడివిడి కార్డులు రాసేవారు. ఇప్పుడు కోహా, ఈ-గ్రంథాలయ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి ఎక్కిస్తే ఎలాగైనా వెతకొచ్చు. తంటా అంతా మన పేర్లతోనే. ఒకే రచయితను ఒకరు ఇంటిపేరుతో, ఇంకొకరు పొడి అక్షరాలతో ఎక్కిస్తే పుస్తకం అలమరలో ఉన్నా తెరమీద దొరకదు. దాన్ని సరిచేయడానికి తెలుగు తెలిసిన మనిషే కావాలి.

1891లో మొదలైన అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలాంటి పాత గ్రంథాలయాల్లో స్కానింగ్ మరో పని. స్కాన్ చేసినంత మాత్రాన సరిపోదు. పాత అచ్చులో ఒత్తులను కంప్యూటర్ తప్పుగా చదువుతుంది, మళ్లీ దిద్దాలి.

చిక్కడపల్లి లైబ్రరీలో మాత్రం పోటీ పరీక్షల కుర్రాళ్లకు, ఫోన్ నిండా పీడీఎఫ్‌లున్నా, ముందు కావాల్సింది కుర్చీ!