బోదకాలు, దోమతెర: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా మామగారికి బోదకాలు ఉంది. ఆయనొక్కరికే మందు పట్టించిన దోమతెర కడితే చాలా? ఇంట్లో ఉన్న నైలాన్ తెరకే మందు పట్టించుకోవచ్చా?

జవాబు: ఆయనొక్కరికే కడితే చాలదు. బోదకాలు తెచ్చే పురుగుల పిల్లలను దోమ ఒకరి రక్తం నుంచి ఇంకొకరికి చేరవేస్తుంది. కాలు బాగా వాచినవాళ్ల రక్తంలో ఈ పిల్లపురుగులు తరచూ కనిపించవు. ఏ వాపూ లేకుండా తిరిగేవాళ్ల రక్తంలోనే ఎక్కువగా ఉంటాయి. రాత్రి పది నుంచి రెండు దాకా అవి పై రక్తనాళాల్లోకి వస్తాయి, వాటిని మోసే క్యూలెక్స్ దోమ ఎక్కువగా కుట్టేదీ ఆ వేళలోనే. ఇంటిల్లిపాదీ తెరలోనే పడుకోవాలి.

మందు ఇంట్లోనే పట్టించవచ్చు. తెరల కోసమే తయారైన డెల్టామెత్రిన్ 2.5 శాతం ద్రవం తీసుకోండి. పొలానికి కొట్టే మందు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ముందు చిరుగులు కుట్టి, తెర ఉతికి ఆరేయండి. లీటరు నీళ్లు (నూలు తెరకైతే ఇంకా ఎక్కువ) కొలిచి బేసినులో పోసి, తెర ముంచి, ధార ఆగేదాకా పైకెత్తి పట్టుకోండి. మిగిలిన నీళ్లు కొలిస్తే తెర ఎంత తాగిందో తెలుస్తుంది. నైలాన్ డబుల్ తెర (ఇద్దరు పడుకునేది) దాదాపు అర లీటరు తాగుతుంది, నూలుదానికి రెండు లీటర్ల పైనే కావాలి. తెర మళ్లీ పూర్తిగా ఆరాక, అది తాగినన్ని నీళ్లలోనే మందు కలపండి: చదరపు మీటరుకు 1 మి.లీ., అంటే డబుల్ తెరకు సుమారు 15 మి.లీ. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. నీళ్లు ఎక్కువైతే మందు బేసినులోనే ఉండిపోతుంది. గ్లౌజులు వేసుకుని, అంతటా పట్టేలా పిసకండి, కానీ పిండవద్దు. నీడలో పాలిథిన్ పట్టా మీద పరిచి ఆరనివ్వండి. తడిగా వేలాడదీస్తే మందంతా కింది అంచుకు దిగిపోతుంది. ఆరు నెలలకో, మూడు ఉతుకులకో మళ్లీ పట్టించాలి.

ప్రశ్న: ప్రభుత్వం ఇచ్చిన మందు తెరను ఉతకవచ్చా?

జవాబు: ఉతకవచ్చు. ఫ్యాక్టరీలోనే మందు పట్టించింది కాబట్టి అది సుమారు 20 ఉతుకులు, మూడేళ్లు తట్టుకుంటుంది. చన్నీళ్లు, మామూలు సబ్బు చాలు. బ్లీచింగ్ వద్దు, ఎండలో ఆరేయవద్దు. చెరువులో, కాలువలో ఉతికితే చేపలు చస్తాయి.

ప్రశ్న: తెర కడుతున్నాం కదా, బోదకాలు రాకుండా ఏటా ఇచ్చే మాత్రలు మానేయవచ్చా?

జవాబు: మానవద్దు. పపువా న్యూగినీ దేశంలో ఈ జబ్బును మోసేది (మలేరియాను మోసే) అనాఫిలిస్ దోమ, అక్కడ తెరలు బాగా పనిచేశాయి. మన దగ్గరి క్యూలెక్స్ చాలాచోట్ల తెరకు పట్టించే మందులకు తట్టుకుంటోంది, పైగా మనం తెరలోకి దూరకముందే, సాయంత్రమే కుట్టడం మొదలుపెడుతుంది. అందుకే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు భోజనం చేశాక, సిబ్బంది ఎదుటే మింగండి. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్రంగా జబ్బుపడ్డవారికి ఇవ్వరు. మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. రక్తంలోని పురుగులు చస్తున్నందుకే చాలావరకు అలా అవుతుంది. తగ్గకపోతే ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. దోమలు పెరగకుండా సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి ఈ వారమే సన్నటి జాలీ కట్టండి. క్యూలెక్స్ ఎక్కువగా గుడ్లు పెట్టేది అలాంటి మురుగు నీళ్లలోనే.