జాజ్ ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక్క పాటతో

జాజ్ వినాలని ఉంది, పాతవాటితో మొదలుపెట్టాలా కొత్తవాటితోనా, రికార్డ్ ప్లేయర్ కూడా కొనాలా అని అడిగారు. ఇలా అడిగితే చాలామంది తప్పక వినాల్సిన వంద ఆల్బమ్‌ల జాబితా ఒకటి మీ చేతిలో పెడతారు. అలాంటి జాబితాలు నేనూ దాచుకున్నాను, సగం కూడా వినలేదు. ఒకే పాటను పట్టుకుని, దాన్ని ఎవరెవరు ఎలా పాడారో, ఎలా వాయించారో వెతుక్కుంటూ పోవడం మొదలుపెట్టాకే నాకు జాజ్ పట్టుబడింది. మీకూ అదే చెబుతాను.

'ఆటమ్ లీవ్స్' తీసుకోండి. పుట్టుకతో ఇది జాజ్ పాట కాదు. 1945లో జోసెఫ్ కోస్మా కట్టిన బాణీ. దానికి మాటలు రాసింది ఫ్రెంచి కవి జాక్ ప్రెవేర్. తర్వాత జానీ మెర్సర్ ఇంగ్లిషు మాటలు పెట్టాడు. 1955లో రోజర్ విలియమ్స్ పియానో మీద వాయించిన రికార్డు అమెరికాలో నంబర్ వన్ అయింది. అంటే అప్పటికది వీధి వీధికీ తెలిసిన పాట. జాజ్ వాళ్లు ఎక్కువగా ఎత్తుకునేది ఇలా అందరి నోళ్లలో నానిన పాటల్నే. వినేవాళ్లకు బాణీ ముందే తెలుసు కాబట్టి, దాన్ని ఎంత దూరం లాక్కెళ్లినా వెంట వస్తారు.

ముందు నాట్ కింగ్ కోల్ పాడింది వినండి. చిన్న పాట, నాలుగైదు సార్లు వింటే కూనిరాగం తీసేస్తారు. మాటలు రాకపోయినా ఫర్లేదు, బాణీ మాత్రం నోటికి రావాలి. అది రాకుండా ముందుకెళ్తే సోలోలన్నీ, అంటే ఒక్కొక్కరు వంతులవారీగా వాయించే భాగాలన్నీ, ఒకేలా వినిపిస్తాయి.

ఇక 1958లో కానన్‌బాల్ ఆడర్లీ చేసిన 'సమ్‌థిన్ ఎల్స్' ఆల్బమ్ పెట్టండి. మొదటి ట్రాక్ ఇదే, దాదాపు 11 నిమిషాలు. మొదట్లో మీకు తెలిసిన బాణీ ఎక్కడా ఉండదు. బేస్ (మంద్రంగా మోగే పెద్ద తీగల వాయిద్యం), పియానో ఒక చిన్న ముక్కనే తిప్పి తిప్పి వాయిస్తుంటాయి. వేరే పాట పెట్టామేమో అనిపించేలోపు మైల్స్ డేవిస్ ట్రంపెట్‌కు మ్యూట్ (శబ్దాన్ని అణిచే మూత) బిగించి పాట ఎత్తుకుంటాడు. గొంతు తగ్గించి చెవి పక్కన మాట్లాడినట్టుంటుంది. అన్ని స్వరాలూ వాయించడు, కొన్ని మనకే వదిలేస్తాడు. అతని తర్వాత ఆల్టో శాక్సఫోన్‌తో వచ్చే కానన్‌బాల్ పూర్తిగా ఉల్టా. మాటల పుట్ట, ఆగడు.

సోలోలో దారి తప్పకుండా ఉండాలంటే తాళం వేసుకోండి. పాట ఒక చుట్టు 32 బార్లు, బారుకు 4 దెబ్బలు. మన లెక్కలో రెండు బార్లు కలిపితే ఒక ఆది తాళం ఆవర్తనం, 16 ఆవర్తనాలకు పాట మళ్లీ మొదటికొస్తుంది. సోలో అంటే ఇష్టమొచ్చినట్టు వాయించడం కాదు. ఆ 32 బార్ల చుట్టు, ఆ కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) వరస కింద తిరుగుతూనే ఉంటాయి. వాయించేవాళ్లు వాటిమీద అప్పటికప్పుడు కొత్త బాణీ కడుతుంటారు. మనసులో మీరు అసలు పాట పాడుకుంటూ వింటే, చుట్టు తిరిగి వచ్చే చోటు మీకే తెలుస్తుంది. అది మొదటిసారి దొరికిన రోజు ఆ ట్రాక్‌ను ఇంకోసారి వినకుండా ఉండలేరు.

ఒక చిన్న తిరకాసు ఉంది. మన చెయ్యి మొదటి దెబ్బ మీద పడుతుంది. జాజ్ డ్రమ్మర్ ఎడమ కాలి కింద ఉండే జంట తాళాలు, అంటే హై-హ్యాట్, సాధారణంగా 2, 4 దెబ్బల మీద మూసుకుంటుంది. చిటిక అక్కడ వేయండి, ఊపు పట్టుకుంటుంది. వీణ నేర్చుకున్న మా అక్క నా చిటికెలు చూసి "తాళం తప్పుతున్నావురా" అని ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

మూడోది పియానిస్ట్ బిల్ ఎవాన్స్ 'పోర్ట్రెయిట్ ఇన్ జాజ్' ఆల్బమ్‌లో ఇదే పాట. 1959 డిసెంబర్‌లో రికార్డు చేశారు. ఇందులో బేస్ వాయించిన స్కాట్ లఫారో వెనకాల నిలబడి దెబ్బలు లెక్కపెట్టే రకం కాదు. బాణీ అయ్యాక పియానో ఒక మాటంటే బేస్ ఎదురు చెబుతుంది, మధ్యలో డ్రమ్స్ అందుకుంటాయి. లఫారో 1961లో కారు ప్రమాదంలో పోయాడు, వయసు 25. దయచేసి దీన్ని ఫోన్ స్పీకర్లో వినకండి. అందులో బేస్ వినపడదు, సగం సంభాషణ పోతుంది.

మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' సంగతేమిటంటారా? అందరూ చెబుతారు, నిజంగానే గొప్పది, కానీ పై మూడూ అయ్యాక వినండి. అందులో 'సో వాట్' అనే పాట ఆధారపడిన డోరియన్ అనే స్వరాల వరస మన ఖరహరప్రియ రాగం స్వరాలే. 16 బార్లు ఒక చోట, 8 బార్లు అర స్వరం పైన, చివరి 8 బార్లు మళ్లీ మొదటి చోట. కర్ణాటక సంగీతం కాస్త విన్న చెవికి ఆ జరగడం ఇట్టే తెలిసిపోతుంది. అయితే అక్కడ రాగం కోసం వెతక్కండి. గమకాలుండవు, నిరాశపడతారు.

పాతవా కొత్తవా అన్నదానికి మా మేనకోడలే సమాధానం. "మామయ్యా, ఇది విను" అంటూ లేవే (Laufey) అనే గాయని పాటలు పంపిస్తుంటుంది. ఐస్‌లాండ్ అమ్మాయి, చెల్లో వాయిస్తూ పాడుతుంది. బాగానే ఉంటాయి, కాకపోతే నాకు కొంచెం తీపి ఎక్కువ. నేను బదులుగా సమారా జాయ్ అనే గాయని పాటలు పంపించాను. 2022లో వచ్చిన 'లింగర్ అవైల్' ఆమె ఆల్బమ్, మరుసటి ఏడాది ఉత్తమ నూతన కళాకారిణిగా గ్రామీ కూడా అందుకుంది. అందులో 'మిస్టీ' విని, అదే పాటను సారా వాన్ గొంతులో విని, అక్కణ్నుంచి ఎరాల్ గార్నర్ పియానో దగ్గరికి వెళ్లండి. 1954 నాటి ఆ బాణీ అతనిదే. నొటేషన్ చదవడం రాదు, అంతా చెవితోనే. 2022లో మొదలుపెట్టి 1954కు చేరతారు, చరిత్ర పుస్తకం తెరవకుండానే.

పాత పాప్ పాటలంటే నాకు అదనంగా ఇంకో ఇష్టం ఉంది. 1925 ప్రాంతంలో మైకుతో రికార్డింగ్ వచ్చాక గాయకులు గొంతు చించుకోవాల్సిన పని తప్పింది, బింగ్ క్రాస్బీ లాంటివాళ్లు మెల్లగా, దగ్గరగా పాడటం మొదలుపెట్టారు. రావు బాలసరస్వతీ దేవి, సాలూరు రాజేశ్వరరావు లలిత గీతాల ప్లేట్లు విన్నవాళ్లకు ఆ మెత్తదనం కొత్తేం కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పాత గ్రామఫోన్ ప్లేటు ఒక పక్కన మూడు నిమిషాల చిల్లరే పడుతుంది. చెప్పాల్సిందంతా ఆలోపే చెప్పెయ్యాలి.

రికార్డ్ ప్లేయర్ ఇప్పుడే వద్దు. ఆ డబ్బులో కొంత పెట్టి మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కోండి. తొలినాళ్ల స్టీరియోలో ఒక వాయిద్యం పూర్తిగా ఎడమ చెవిలో, ఇంకొకటి కుడి చెవిలో వినిపిస్తే హెడ్‌ఫోన్స్ పాడయ్యాయని కంగారుపడకండి, అప్పట్లో అలాగే కలిపేవాళ్లు. ఇబ్బందిగా ఉంటే రెండు చెవుల్లోనూ ఒకేలా వినిపించే మోనో వెర్షన్ వెతకండి. ఇంట్లో తాతల నాటి 78 ప్లేట్లు ఉంటే మాత్రం వాటిని ఎల్పీ (తర్వాత వచ్చిన లాంగ్‌ప్లే రికార్డు) ముల్లుతో వాయించకండి. వాటి గాడి వెడల్పు వేరు, ముల్లూ వేరే కావాలి.