బస్సు ఫ్రీయే గానీ బిడ్డా...

ప్రశ్న: అమ్మా, నమస్తే. మాది దేవరకొండ దగ్గర తండా. పీజీ సీట్ల ఎంట్రెన్స్ సీపీగెట్ రాస్తే నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటొచ్చింది. 'ఆడోళ్లకు బస్సు ఫ్రీయే కదా, రోజూ పోయిరా, హాస్టల్ ఖర్చెందుకు' అంటున్నడు మా నాయిన. నా దోస్తేమో టౌన్‌లో ప్రైవేట్ హాస్టల్ చూద్దామంటోంది. నాకు క్యాంపస్ హాస్టల్లో ఉండాలనుంది. సీటొస్తే రూమ్ కూడా వాళ్లే ఇస్తరా? ఏమేం కాగితాలు కావాలె?
– ఒక విద్యార్థిని, దేవరకొండ

జవాబు: ముందు మీ నాయిన మాట చూద్దాం బిడ్డా. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్ లేదు, నిజమే. కానీ దేవరకొండ నుంచి నల్లగొండకే 60 కిలోమీటర్ల దాకా ఉంటది. తండా నుంచి దేవరకొండకు ఆటో. నల్లగొండ బస్టాండ్‌లో దిగితే యూనివర్సిటీ అక్కడ లేదు, నార్కట్‌పల్లి రోడ్డు మీద అన్నెపర్తి దగ్గర ఉంది, మళ్లీ ఇంకో బస్సు. ఎమ్మెస్సీ అంటే ల్యాబ్‌లు. రికార్డులు బస్సులో నిలబడి రాస్తవా? నేను 22 ఏళ్లు ఆడపిల్లల హాస్టల్ చూసుకున్న. రోజూ వచ్చిపోయే పిల్లలు దసరా దాకా ఓపిక పట్టేటోళ్లు. తొందరగా పొద్దుగూకే రోజులు మొదలైనయంటే నా టేబుల్ ముందు నిలబడి 'మేడమ్, ఒక్క మంచం' అనేటోళ్లు. అప్పటికి మంచాలెక్కడివి?

కాబట్టి ఇప్పుడే అప్లై చెయ్యి. సీటు అలాట్‌మెంట్ వేరు, హాస్టల్ వేరు. రిపోర్ట్ చేసిన రోజే హాస్టల్ ఆఫీసుకు పోయి ఫారం అడుగు. టీసీ ఒరిజినల్ కాలేజీలో తీసుకుంటరు, అంతకు ముందే జిరాక్సులు నాలుగు సెట్లు తీసిపెట్టుకో. అలాట్‌మెంట్ ఆర్డర్, ఫీజు రశీదు, మెమోలు, ఆధార్, కులం సర్టిఫికెట్, ఫొటోలు సరిపోతయి. ఆదాయం సర్టిఫికెట్‌కు మాత్రం మీసేవలో ఈ వారమే పెట్టు, తహసీల్దార్ ఆఫీసులో ఎన్ని రోజులు పడతదో మీ నాయినకే బాగా తెలుసు.

ఫారం ఇచ్చినంక ఊరికి ఉరకకు. నా పీజీ రోజుల్లో హైదరాబాద్‌లో ఒక హాస్టల్‌కు, పేరెందుకులే, ఫారం నింపి కౌంటర్ కాడున్నాయన చేతికిచ్చి వచ్చిన. వారానికి పోతే 'నీ ఫారమే రాలేదమ్మా' అన్నడు. ఇచ్చినట్టు రుజువేది? ఇరవై రోజులు దోస్తు రూములో రెండు మంచాల నడుమ చాప మీద పడుకున్న. వార్డెన్ రౌండ్‌కొస్తే బాత్‌రూంలో దాక్కునేదాన్ని. అందుకే చెప్తున్న, నీ జిరాక్స్ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకునే కదులు.

ఇక ఖర్చు. క్యాంపస్ హాస్టళ్లలో రూమ్ అద్దె కన్నా మెస్ బిల్లే బరువు. చాలా చోట్ల డివైడింగ్ పద్ధతి. నెలలో సరుకులకు, గ్యాస్‌కు అయిన మొత్తాన్ని అందరూ తిన్న రోజులతో భాగిస్తరు. మాటవరసకు 2,40,000 ఖర్చయి, వంద మంది ముప్పై రోజులు తిన్నరనుకో, రోజుకు 80 రూపాయలు. నువ్వు ఆరు రోజులు తండాకు పోయినవ్, రిజిస్టర్‌లో 'భోజనం వద్దు' అని ముందే రాసి పోతే 480 మిగిలినట్టే. రాయకపోతే తినని అన్నానికి కూడా బిల్లొస్తది. దీనికోసం నెలనెలా నా దగ్గర ఏడ్చిన పిల్లలున్నరు.

సర్కారు స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈపాస్‌లో ఫారం హాస్టల్ అలాట్ అయినంకనే పెట్టు. నెట్ సెంటర్ పిల్లగాడు తొందర్లో 'డే స్కాలర్' నొక్కేస్తడు. 'కాలేజ్ అటాచ్డ్ హాస్టల్' అని ఉందో లేదో సబ్‌మిట్ కొట్టక ముందు నువ్వే చదువు, తిండికి, ఉండటానికి ఇచ్చే మెయింటెనెన్స్ పైసల్లో తేడా వస్తది. ఆ పైసలు కూడా టైంకు రావు, రెండు నెలల మెస్ బిల్లు చేతిలో ఉంచుకోవాలె. మీ నాయినకు ఈ ముక్క దాచకుండా చెప్పు.

క్యాంపస్‌లో దొరకకపోతే ప్రైవేట్ కన్నా ముందు సంక్షేమ శాఖ కాలేజీ హాస్టల్ అడుగు. అక్కడ ఇంటర్ నుంచి పీజీ దాకా పిల్లలకు డైట్ చార్జీ, అంటే ఒక్కొక్కరి తిండికి సర్కారు ఇచ్చే పైసలు, 2024 నవంబర్‌లో నెలకు 1,500 నుంచి 2,100 చేసిండ్రు. అదీ కాకపోతేనే మీ దోస్తు చెప్పిన టౌన్ హాస్టల్. మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్స్ తిరిగిస్తరా లేదా కాగితం మీద రాయించుకో.

ఏ హాస్టలైనా పొద్దున పోయి చూడకు, అప్పుడు అంతా కడిగి ఉంటది. రాత్రి భోజనాల టైంకు పో. పప్పులో గరిటె తిప్పి చూడు. తాగే నీళ్లకు ఫిల్టర్ పనిచేస్తుందా, ఉత్తగ గోడకు వేలాడుతుందా చూడు. ఫ్లోరైడ్ సంగతి నల్లగొండ జిల్లా పిల్లకు నేను చెప్పాలెనా?

మీ నాయినను లోపలికి రానియ్యరు, గేటు కాడ కూర్చోబెడతరు. చూసొచ్చి నువ్వే చెప్పు. పరుపు, బకెట్ తెచ్చుకోవాలె. తాళం రెండు చెవులున్నది కొను, ఒకటి రూమ్మేట్ దగ్గర ఉండనీ.