5 అడుగుల 4 అంగుళాల మనిషికి 175 క్రాంక్ పొడవే, కానీ మొదట సీటు సంగతి చూడండి

మీరు అడిగింది ఇదీ: ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న ఎంటీబీకి (మౌంటెన్ బైక్) 175 మిల్లీమీటర్ల క్రాంక్ (పెడల్‌ని మధ్య ఇరుసుకి కలిపే కడ్డీ) ఉంది, మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు రోజూ తొక్కుతుంటే మోకాలిచిప్ప దగ్గర ముందువైపు లాగుతోంది, 165 వేయించుకోమని ఒకరంటే, క్రాంక్ పొడుగుంటేనే ఎత్తులెక్కేటప్పుడు బలం వస్తుందని ఇంకొకరు అంటున్నారు. మార్చాలా వద్దా?

మార్చొచ్చు, మీ ఎత్తుకి మారిస్తేనే మంచిది కూడా. కానీ ఇవాళే డబ్బులు పెట్టకండి. మోకాలు ముందువైపు నొప్పి అనగానే నేను మొదట అనుమానించేది క్రాంకుని కాదు, సీటుని. సిగ్నల్ దగ్గర రెండు కాళ్లూ నేలకి ఆనాలని మనవాళ్లు సీటు బాగా కిందికి దించేసుకుంటారు, పైగా బరువైన గేర్‌లో పడి తొక్కుతుంటారు, ఈ రెండూ కలిస్తే ఏ క్రాంకున్నా మోకాలు ఊరుకోదు. సైకిల్‌ని గోడకి ఆనించి ఎక్కి కూర్చోండి, పెడల్ అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెట్టండి, నడుము పక్కకి ఒరగకుండా కాలు తిన్నగా చాపగలిగితే సీటు ఎత్తు దాదాపు సరిగ్గా ఉన్నట్టే. మామూలుగా పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అంత చాలు. అలా పెట్టుకుని ఒక రెండు వారాలు తేలిక గేర్‌లోనే తొక్కి చూడండి. సగం మందికి కథ అక్కడితో అయిపోతుంది.

అప్పటికీ తగ్గకపోతే క్రాంక్ మీదికి వద్దాం. పొడవు ఎంతో మీ క్రాంక్ వెనకవైపు, పెడల్ బిగించే చోటికి దగ్గర్లో అచ్చేసి ఉంటుంది. పాత బండి కాబట్టి జిడ్డు పట్టి ఉంటుంది, కిరసనాయిలో డీజిలో ముంచిన గుడ్డతో తుడిస్తే అంకె తేలుతుంది. లేకపోతే బీబీ (బాటమ్ బ్రాకెట్, అంటే ఫ్రేములో క్రాంకులు తిరిగే ఇరుసు ఉండే భాగం) ఇరుసు మధ్య నుంచి పెడల్ ఇరుసు మధ్యకి స్కేలు పెట్టి కొలవండి. అమ్మినాయన 175 అన్నాడని నమ్మేసి ఉంటే మాత్రం ఒకసారి చూసుకోండి, 170 కూడా అయి ఉండొచ్చు.

పొడవు క్రాంకుతో అసలు ఇబ్బంది పెడల్ పైకి వచ్చినప్పుడే. సీటు ఎత్తు కింది వైపు చూసి పెట్టుకుంటాం కదా, కాబట్టి క్రాంక్ ఎంత పొడుగైతే పైన మోకాలు అంత ఎక్కువ మడవాలి, తుంటి అంత ఇరుక్కుంటుంది. 175 తీసి 165 వేశారనుకోండి, కింద కాలు చాపు అలాగే ఉండాలంటే సీటు 10 మిల్లీమీటర్లు లేపాలి, పైన పెడల్ తనంతట తానే ఇంకో 10 దిగింది, అంటే సీటు నుంచి చూస్తే మోకాలికి 20 మిల్లీమీటర్ల వెసులుబాటు దొరికినట్టు. వినడానికి చిన్నదే, కానీ అదే మడతని గంటకి కొన్ని వేలసార్లు మడుస్తున్నాం.

నేను మీకంటే ఒక అంగుళం ఎక్కువ, అంతే. నా రోడ్ బైక్ 172.5 క్రాంకుతో వచ్చింది. నానక్‌రామ్‌గూడ వైపు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, దాని మీద నిటారుగా కూర్చుని పోతే ఏ గొడవా లేదు. ఎదురుగాలికి హ్యాండిల్ కింది వంపు పట్టుకుని వంగితే మాత్రం కుడి తొడ పొట్టకి తగిలేది, మోకాలు పైకొచ్చేసరికి దానంతటదే బయటికి తిరిగేది. (పొట్ట తగ్గించుకోవచ్చు కదా అంటారా, అది వేరే ప్రశ్న.) వెనకాల వచ్చే ఫ్రెండ్ ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే తెలిసింది, నడుము కూడా అటూ ఇటూ ఊగుతోంది. 165 వేయించాక ఈ మూడూ పోయాయి. మొదట్లో పిల్లల సైకిల్ తొక్కుతున్నట్టు ఉండేది, తర్వాత కాళ్లు వాటంతటవే వేగంగా తిరగడం మొదలుపెట్టాయి. స్పీడ్ పెరిగిందా అంటే లేదు, తగ్గనూ లేదు. ఒక చిక్కు వచ్చింది: సీటు లేపడంతో హ్యాండిల్ ఆ మేరకు కిందికి పోయినట్టయి చేతులు తిమ్మిరెక్కాయి, స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్క) పైన ఉన్న స్పేసర్ రింగు ఒకటి తీసి కింద వేయిస్తే సర్దుకుంది.

ఇప్పుడు ఆ బలం మాట. పొడవు క్రాంక్ అంటే మీట పొడుగు, తేలిగ్గా తిరుగుతుంది, అంతవరకు నిజమే. 175 నుంచి 165కి వస్తే అదే గేర్‌లో పాదం దాదాపు 6 శాతం ఎక్కువ నొక్కాలి. కానీ గేర్లు ఉన్నది ఎందుకు? వెనక 28 పళ్ల చక్రం మీద ఎక్కే ఎత్తుని 30 పళ్లదాని మీద ఎక్కితే లెక్క సరిపోతుంది. మీ ఎంటీబీకి ముందు మూడు చైన్‌రింగులు (క్రాంకుకి ఉండే పళ్ల చక్రాలు) ఉంటే చిన్నది వాడి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోండి. ఖాజాగూడ ఎత్తు కూడా దానికి లెక్కలోది కాదు. జిమ్ మార్టిన్ అనే పరిశోధకుడు 2001లో ప్రచురించిన పరీక్షలో 120 నుంచి 220 మిల్లీమీటర్ల దాకా అయిదు రకాల క్రాంకులతో శిక్షణ ఉన్న 16 మంది సైక్లిస్టుల చేత బలమంతా పెట్టి తొక్కించారు. అంత తేడా ఉన్న క్రాంకుల మధ్య గరిష్ఠ శక్తిలో తేడా 4 శాతం దగ్గర ఆగింది, 145కి 170కి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అవి కొన్ని సెకన్ల స్ప్రింట్లు, మన ఆఫీసు రైడ్లు కావు, నిజమే, అయినా పది మిల్లీమీటర్లకి బలం పోతుందన్న టెన్షన్ పెట్టుకోనక్కర్లేదు. ప్రొఫెషనల్ రేసర్ తదేయ్ పొగాచర్ మనకంటే పొడుగు, 2024లో 165 క్రాంకులతోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు.

ఎంత పొడవు అన్నదానికి నెట్‌లో ఒక సూత్రం తిరుగుతుంటుంది. చెప్పుల్లేకుండా గోడకి నిలబడి, ఒక లావు పుస్తకాన్ని కాళ్ల మధ్య గజ్జల దాకా గట్టిగా నొక్కి పట్టుకుని, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా సెంటీమీటర్లలో కొలిచి 2.16తో గుణిస్తే క్రాంక్ మిల్లీమీటర్లలో వస్తుందంటారు. 75 వస్తే 162, 80 వస్తే 173. దిక్కు చూపించడానికి పనికొస్తుంది, దాన్ని పట్టుకుని 167.5 వేయాలా 165 వేయాలా అని నిద్ర మానుకోకండి, రెండున్నర మిల్లీమీటర్లు మనలాంటి వాళ్లకి తెలియను కూడా తెలియదు. ఇంకోటి, కూర్చునే తీరుని బట్టి కూడా మారుతుంది. మా ఆవిడ నాకంటే పొట్టి, ఆమె హైబ్రిడ్‌కి 170 ఉంది, నిటారుగా కూర్చుని తొక్కుతుంది కాబట్టి తుంటి దగ్గర జాగా ఉంది, ఏ నొప్పీ లేదు. నేను దాన్ని ముట్టుకోలేదు.

కొనేటప్పుడు మీ బీబీ ఏ రకమో ముందు చూసుకోండి. పాత ఎంటీబీ అయితే చతురస్రపు ఇరుసే అయి ఉండొచ్చు, హాలోటెక్ (ఇరుసు క్రాంకుకే అతికి వచ్చే షిమానో రకం) క్రాంక్ దానికి ఎక్కదు, బీబీ కూడా మార్చాలి. అగ్గువ ధరల మూడు చైన్‌రింగుల క్రాంకుల్లో 165 దొరకడం కొంచెం కష్టం, 170 మాత్రం తేలిగ్గా దొరుకుతుంది. కోఠి ఇసామియా బజార్ షాపుల్లో పాత క్రాంక్ చేతిలో పట్టుకెళ్లి అడగండి. 165 కోసం బీబీతో సహా మార్చాల్సొస్తే, నా మాట వింటే, అదే రకం 170 వేసుకోండి. సగం లాభం పావు ఖర్చులో వస్తుంది.

ఇంట్లోనే విప్పుతానంటే పుల్లర్ (క్రాంకుని ఇరుసు మీంచి లాగే పనిముట్టు) కావాలి. బోల్టు తీశాక కింద వాషర్ ఉందేమో టార్చ్ వేసి చూడండి, అది లోపలే ఉండగా పుల్లర్ బిగిస్తే క్రాంక్ మరలు ఊడొస్తాయి. ఎడమ పెడల్‌కి మరలు రివర్స్‌లో ఉంటాయి, మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. సీటు పోస్ట్ మీద పాత ఎత్తు దగ్గర టేపు ముక్క అంటించి, క్రాంక్ ఎంత తగ్గిందో అంతే పైకి లేపండి. సిగ్నల్ దగ్గర కాలి వేళ్లే ఆనుతాయి అప్పుడు, కాబట్టి ఆగగానే సీటు దిగి నిలబడడం అలవాటు చేసుకోవాలి. ఇవన్నీ చేశాక కూడా మెట్లు దిగేటప్పుడు మోకాలు నొప్పి ఉంటే సైకిల్ పక్కన పెట్టి ఫిజియోకి చూపించండి.