చికెన్ అడోబోలో పచ్చి వెనిగర్ వాసన పోవాలంటే

చికెన్ అడోబో (ఫిలిప్పీన్స్ వాళ్లు వెనిగర్, సోయా సాస్ పోసి వండే చికెన్ కూర) చేస్తే పచ్చి వెనిగర్ వాసన పోలేదని అడిగారు. వెనిగర్ పోయగానే మూత పెట్టి గరిటెతో కలిపానన్నారు కదండీ, ఘాటు వాసన అందుకే ఉండిపోయింది. ఫిలిప్పీన్స్‌లో చాలామంది వెనిగర్ పోశాక వెంటనే కలపరు, మూత తీసేసి ఒక ఐదారు నిమిషాలు తెర్లనిస్తారు, ఆ ఘాటంతా ఆవిరితో పోయాకే గరిటె పెడతారు. ఇంకోటి, వాళ్లు వాడేది చెరకు వెనిగరో కొబ్బరి వెనిగరో, మన కిరాణా షాపులో దొరికే సింథటిక్ వైట్ వెనిగర్ చాలా ఘాటు, కాబట్టి కేజీ చికెన్‌కి పావు కప్పు పోసి కొంచెం నీళ్లు కలపండి చాలు. వెల్లుల్లి మాత్రం పది రెబ్బలైనా దంచి వేయాలి, మిరియాలు దంచకుండా అలాగే వేసేయండి. సోయా సాస్‌లోనే బోలెడు ఉప్పుంటుంది, విడిగా వేయకండి ప్లీజ్. చివర్లో పులుసు దగ్గరపడి ముక్కకి నల్లగా, నిగనిగలాడుతూ పట్టుకోవాలి. ఇవాళ వండి రేపు వేడన్నంలో తినండి, ఇంకా బాగుంటుంది.