రోజూ నాలుగున్నర గంటలు బస్సులోనే.. అమ్మాయిని హాస్టల్లో చేర్పించమంటారా?

ప్రశ్న: మాది భువనగిరి. మా అమ్మాయికి 19 ఏళ్లు. హైదరాబాద్‌కు అవతలి వైపున్న కాలేజీలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతోంది. పొద్దున 5.45కు కాలేజీ బస్సెక్కితే మళ్లీ ఇంటికొచ్చేసరికి రాత్రి ఏడు దాటుతుంది. రానూపోనూ నాలుగున్నర గంటలు బస్సులోనే. ఆరు నెలలుగా తలనొప్పి, నీరసం. రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.6 ఉంది, థైరాయిడ్ నార్మల్. క్యాంపస్ హాస్టల్లో సీటు ఇస్తామంటున్నారు. ఇంటి తిండి తింటూనే ఇలా ఉంటే అక్కడ ఇంకేమైపోతుందోనని మావారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి

జవాబు: ఇంటి తిండి అన్నారు కదమ్మా, మీ అమ్మాయి అది రోజుకు ఎన్ని పూటలు తింటోందో ఒకసారి లెక్కేయండి. ఐదున్నరకు ఎవరికీ ఆకలి వేయదు కాబట్టి టిఫిన్ ఉండదు. తెల్లవారుజామున మీరు సర్దిన బాక్సు ఒంటిగంటకు మూత తీస్తే అన్నం గట్టిపడిపోయి ఉంటుంది, సగం తిని పెట్టేస్తారు. వేడిగా, కడుపునిండా తినేది రాత్రి ఒక్క పూటే.

నిద్ర సంగతీ అంతే. ఏడున్నరకు ఇల్లు చేరి, స్నానం, భోజనం అయ్యాక రికార్డులు, అసైన్‌మెంట్లు ముగించి పడుకునేసరికి ఎంత లేదన్నా పదకొండున్నర. నాలుగున్నరకే లేవాలి. ఆ వయసుకు 7 నుంచి 9 గంటలు నిద్ర కావాలి, తనకు దొరికేది ఐదు. పైగా పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలకు రాత్రి నిద్ర సహజంగానే ఆలస్యంగా వస్తుంది. అది బద్ధకం కాదు, ఒంట్లోని గడియారం ఆ వయసులో అలాగే నడుస్తుంది. బస్సు కిటికీకి తల ఆనించి తీసే కునుకు ఆ లోటు తీర్చదు. తలనొప్పికి ఈ నిద్రలేమి, రక్తహీనత రెండూ కారణాలే అయ్యుంటాయి. ఒకసారి కంటిచూపు కూడా పరీక్ష చేయించండి.

ఇక యూరిన్ ఇన్ఫెక్షన్. సాయంత్రం బ్యాగులోంచి నీళ్ల సీసా తీసి చూడండి. నా దగ్గరికి వచ్చే డే స్కాలర్ అమ్మాయిల్లో చాలామందిది పొద్దున నింపిన సీసా దాదాపు అలాగే తిరిగొస్తుంది. దారిలో బాత్రూమ్ ఉండదు, బస్సు ఆపమని డ్రైవర్‌ను అడగలేరు. అందుకని నీళ్లు తాగడమే మానేస్తారు, వచ్చినా ఆపుకొంటారు. నెలసరి రోజుల్లో ప్యాడ్ మార్చుకోవడానికీ ఇదే ఇబ్బంది. ఎన్ని కోర్సులు యాంటీబయాటిక్ వాడినా ఈ అలవాటు మారకపోతే ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంది. మూడోసారి వస్తే మందు మొదలుపెట్టకముందే, ఏ క్రిమి వల్ల వచ్చిందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే యూరిన్ కల్చర్ పరీక్ష చేయించండి. చలిజ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి ఉంటే మాత్రం ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

అందుకే నా మాట అడిగితే, చేర్పించండి. వారానికి ఆరు రోజుల కాలేజీ అనుకుంటే 27 గంటలు బస్సులోనే పోతున్నాయి. క్యాంపస్‌లో ఉంటే ఎనిమిదిన్నర దాకా మెస్‌లో వేడి ఇడ్లీయో ఉప్మానో తిని, నడిచి క్లాసుకు వెళ్లొచ్చు. మధ్యాహ్నం ఒంట్లో బాగాలేకపోతే గదికెళ్లి ఓ గంట పడుకోవచ్చు. సాయంత్రం గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు నడిచినా, షటిల్ ఆడినా ఆ వయసుకు అవసరమైన వ్యాయామం అదే అయిపోతుంది.

అయితే హాస్టల్లో చేరినంత మాత్రాన హిమోగ్లోబిన్ పెరగదు. ఆ వయసు ఆడపిల్లలకు కనీసం 12 ఉండాలి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా అవుతోందా అని మీరే అడగండి, నాన్న ముందు చెప్పరు. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చేయించి, డాక్టర్ రాసిన మోతాదులో ఐరన్ మాత్రలు వాడించండి. టీతోనో పాలతోనో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టవు, నిమ్మరసంతో వేసుకోమనండి. మలం నల్లగా వస్తుంది, కంగారుపడి మానేయకూడదు. హిమోగ్లోబిన్ 12కి చేరాక కూడా మరో మూడు నెలలు వాడాల్సి ఉంటుంది.

మీవారి భయం ఊరికే కొట్టిపారేసేది కాదు. ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో నాకు కామెర్లు వచ్చాయి. నాతోపాటు మా ఫ్లోర్‌లో ఇంకో నలుగురికి. కారణం మా హాస్టల్ మంచినీళ్ల ట్యాంకు. కళ్లు పచ్చబడ్డాయని మొదట గమనించింది నేనూ కాదు, మా ప్రొఫెసర్లూ కాదు. పొద్దున అద్దం ముందు పక్కన నిలబడి పళ్లు తోముకుంటున్న నా రూమ్మేట్. పదిహేను రోజులు మెస్ నుంచి మజ్జిగన్నం తెచ్చి పెట్టింది కూడా వాడే.

కాబట్టి ఫీజు కట్టేముందు మీరిద్దరూ వెళ్లి చూడండి. ఆఫీసువాళ్లు తిప్పి చూపించే టైములో కాదు, రాత్రి భోజనాల వేళకు వెళ్లి అదే మెస్‌లో తినండి. తాగేనీళ్లు ఎక్కడివి, ట్యాంకు ఎప్పుడు కడిగారు, ఫ్లోర్‌కు ఎన్ని బాత్రూమ్‌లు, అర్ధరాత్రి జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లే బండి ఏది అని అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టు వస్తే ఇంకో హాస్టల్ చూసుకోవడమే మేలు.

చేరే ముందు టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాలు వేయించండి. చిన్నప్పుడు ఆటలమ్మ రాకపోతే, టీకా కూడా వేయించకపోతే అదీ వేయించాలి. ఒకరి తువ్వాలు ఒకరు వాడొద్దని చెప్పండి. రాత్రిపూట వేళ్ల సందుల్లో దురద మొదలైతే అది గజ్జి కావచ్చు. అప్పుడు గదిలో అందరూ ఒకేరోజు మందు రాసుకోవాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. ఆవకాయ పంపండి, కానీ అదే కూర అయిపోకూడదు. దానికంటే పల్లీ పట్టీలు, నువ్వుల లడ్డూలు, కరివేపాకు పొడి నయం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మెస్ కాదు, ఫోన్. బస్సు ప్రయాణం తప్పి మిగిలిన ఆ 27 గంటలూ రాత్రి రెండింటిదాకా రీల్స్ చూస్తూ, ఒంటిగంటకు మ్యాగీ చేసుకుంటూ గడిపితే ఇక్కడ పడిన బాధే అక్కడా. ఈ మాట అమ్మాయితో ముందే అనుకోండి.

మొదటి రెండు వారాలు ఏడుపు, ఇంటి మీద బెంగ మామూలే. ప్రతి ఫోన్‌లో 'వచ్చేయమ్మా' అనకండి. కానీ మూడు వారాలు దాటినా సరిగా తినకుండా, క్లాసులకు వెళ్లకుండా, ఫోన్ ఎత్తకుండా ఉంటే మీరే వెళ్లి కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ర్యాగింగ్ అని అనుమానం వస్తే యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఫోన్ చేయండి.

నెల తర్వాత హిమోగ్లోబిన్ మళ్లీ చూపించండి. మాత్రలు పనిచేస్తుంటే కనీసం ఒక పాయింటు పెరిగి ఉంటుంది. పెరగకపోతే మెస్‌ను తిట్టేముందు, గదిలో మాత్రల షీటు తీసి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. అన్నీ వేసుకున్నా పెరగలేదంటే ఆ రిపోర్టుతో మళ్లీ రాయండి.