రాత్రంతా సినిమాలు చూడండి, తెల్లారి బండి మాత్రం తీయకండి

ప్రశ్న: నా వయసు 54. మాది మంగళగిరి. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటాను. బీపీకి ఆమ్లోడిపిన్ 5 ఎంజీ. ఈమధ్య చేయించిన మూణ్ణెల్ల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 7.4 శాతం వచ్చింది. వచ్చే శనివారం విజయవాడలో ఒక సాంస్కృతిక కేంద్రంలో రాత్రి తొమ్మిది నుంచి తెల్లారేదాకా వరసగా పాత సినిమాలు ఉచితంగా వేస్తున్నారు. చిన్ననాటి స్నేహితులం నలుగురం వెళ్దామనుకుంటున్నాం. మా మేనల్లుడు కూడా వస్తానంటున్నాడు. వాడికి 22 ఏళ్లు, ఫిట్స్‌కి మందులు వాడుతున్నాడు, ఏడాదిన్నరగా ఫిట్స్ రాలేదు. ‘షుగర్ పెట్టుకుని జాగారాలేంటి’ అని మా ఆవిడ గొడవ. వెళ్లొచ్చా? రాత్రి మాత్ర ఆ ఒక్కరోజూ మానేస్తే సరిపోతుందా? బండ్ల మీదే వెళ్లొస్తాం.
- ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: వెళ్లండి. షుగర్ ఓ మాదిరి అదుపులోనే ఉంది, గుండెజబ్బు ఉన్నట్టు మీరు రాయలేదు. ఏడాదికోసారి శివరాత్రికి జాగారం చేసినవాళ్లమే మనమంతా. ఒక్క రాత్రి నిద్ర లేకపోతే ఒళ్లు ఓర్చుకుంటుంది. అయితే మీ ఆవిడ భయం ఉత్తదేం కాదు. కాకపోతే ఆవిడ రాత్రి గురించి భయపడుతున్నారు, నా భయమంతా మర్నాడు పొద్దుటి గురించి.

ముందు మాత్ర సంగతి. రాత్రి మాత్ర మానొద్దు. రోజూ తినేంత అన్నం, రోజూ తినే వేళకే, ఇంట్లోనే తిని మాత్ర వేసుకుని బయల్దేరండి. ‘అక్కడ ఏదో ఒకటి తిందాంలే’ అని ఖాళీ కడుపుతో మాత్ర వేసుకోవడం మాత్రం వద్దు. మీ మాత్రలో రెండు మందులున్నాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ బాగా పడిపోవడం అరుదు. పక్కనున్న గ్లిమిపిరైడ్ అలా కాదు. మీరు తిన్నా తినకపోయినా అది క్లోమగ్రంథిని పిండి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. తిండి లేనప్పుడు ఆ ఇన్సులిన్ రక్తంలో ఉన్న కాస్త చక్కెరనూ లాగేస్తుంది.

ఇక పొద్దుట ఏమవుతుందో చూడండి. ఆరున్నరకో ఏడింటికో ఇల్లు చేరతారు. అలవాటు కొద్దీ మాత్ర వేసుకుంటారు. టిఫిన్ తినే ఓపిక ఉండదు, అలా మంచమెక్కేస్తారు. మధ్యాహ్నం రెండింటిదాకా ‘రాత్రంతా మేలుకున్నాడు, పడుకోనీ’ అని ఎవరూ లేపరు. షుగర్ పడిపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. మెలకువగా ఉంటే ఇవన్నీ మీకే తెలుస్తాయి. నిద్రలో ఉన్నవాడికి తెలిసేదెలా? అందుకే ఆ పొద్దుట వరస ఇలా ఉండాలి: ముందు ఇడ్లీయో ఉప్మాయో కడుపునిండా తినడం, దానితో మాత్ర, ఆ తర్వాతే నిద్ర. ఒంటిగంటకల్లా భోజనానికి లేపమని ఇంట్లో చెప్పి పడుకోండి. ఏమీ తినలేనంత అలసటగా ఉంటే, తినేదాకా మాత్ర వేసుకోవద్దు. డోసు మార్చాలా అన్నది మాత్రం మీకు మందు రాసిన డాక్టరుగారినే అడగాలి. నేను ఇక్కడినుంచి మార్చడం సబబు కాదు.

జేబులో గ్లూకోజ్ పొట్లం పెట్టుకోండి. సినిమా మధ్యలో వణుకు, చెమట, ఉన్నట్టుండి పిచ్చి ఆకలి వస్తే, షుగర్ మిషన్ ఉంటే చూసుకోండి. 70 కంటే తక్కువుంటే, లేదా మిషన్ లేకపోయినా అనుమానంగా ఉంటే, మూడు చెంచాల గ్లూకోజో పంచదారో నీళ్లలో కలుపుకుని తాగండి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ అంతే తాగండి. తగ్గాక బిస్కెట్లో అరటిపండో తినాలి. ఈ విషయం మీ స్నేహితుల్లో ఒకరికైనా ముందే చెప్పి ఉంచండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

దీనికి వ్యతిరేకమైన తిప్పలు కూడా ఉన్నాయి. రాత్రంతా చక్కెర టీలు, సమోసాలు, కూల్‌డ్రింకులు సాగితే షుగర్ ఎగబాకుతుంది. వాటికి తోడు నిద్ర లేని ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. కాబట్టి ఆదివారం, సోమవారం అంకెలు కాస్త ఎక్కువ చూపించినా గాబరాపడి మాత్రలు పెంచుకోకండి. వేయించిన వేరుశనగలో మరమరాలో ఇంటినుంచే తీసుకెళ్లండి. కాఫీ, టీలు రాత్రి రెండు గంటలలోపే ముగించండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, ఆ తర్వాత తాగితే పొద్దుట నిద్ర కూడా రాదు.

ఉచిత ప్రదర్శనల్లో ఒక చిక్కుంది, డాక్టర్లకంటే మీకే బాగా తెలుస్తుంది. సీటు నంబర్లుండవు. తువ్వాలు వేసి కాపాడుకున్న కుర్చీ పోతుందని జనం లేవరు. లేవాల్సి వస్తుందని నీళ్లు తాగరు. తొమ్మిది గంటలు అలా కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం నిలిచిపోతుంది. మీరు వాడే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి అసలే చీలమండలు వాస్తాయి. నడవా పక్కన కుర్చీ పట్టండి. నలుగురున్నారు కదా, వంతులవారీగా లేవండి. ఇంటర్వెల్‌లోనూ సినిమాకీ సినిమాకీ మధ్యలోనూ ఐదు నిమిషాలు నడవాలి. కూర్చున్నప్పుడు మడమలు నేలకానించి వేళ్లు పైకీ, వేళ్లు ఆనించి మడమలు పైకీ ఎత్తుతూ ఉండండి. రెండు కాళ్లూ కాస్త బరువెక్కితే ఫర్వాలేదు. ఒక్క పిక్కే వాచి నొప్పి పుడితే, లేదా మర్నాడో ఆ మర్నాడో ఉన్నట్టుండి ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కళ్లు మండితే రెప్పలు గబగబా ఆర్పండి, ముందు వరసలో కూర్చోకండి. అంతకుమించి కళ్లకేమీ కాదు.

ఇప్పుడు బండి సంగతి. ఈ ఒక్కదానికి నేను ఒప్పుకోను. శనివారం పొద్దున ఆరింటికి లేచినవారు ఆదివారం ఆరింటికి 24 గంటలు మెలకువగా ఉన్నట్టు. అంతసేపు నిద్ర లేని మనిషి మెదడు చురుకు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 100 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన చట్టం బండి నడిపేవారికి అనుమతించేది 30 మిల్లీగ్రాములే. అంటే చుక్క ముట్టకుండానే మూడింతలు తాగినట్టు లెక్క. గొట్టంలో ఊదించే పోలీసు మిమ్మల్ని వదిలేస్తాడు, వారధి మీద వెనక వచ్చే లారీ వదలదు. ఒక్క రెప్పపాటు కునుకుకు బండి పదుల అడుగులు వెళ్లిపోతుంది. ఆ కునుకు పట్టిన సంగతి పట్టినవాడికి తెలియదు కూడా. హౌస్‌సర్జన్‌గా ఉన్న రోజుల్లో శివరాత్రి మర్నాడు పొద్దుటి డ్యూటీ అంటే మాకు హడల్, కారణం ఇదే. వెళ్లేటప్పుడు బస్సులోనో షేర్ ఆటోలోనో వెళ్లండి, తెల్లారి అలాగే రండి. బండి ఇంటి దగ్గరుంటే తీయాలన్న ఆశే ఉండదు. శనివారం మధ్యాహ్నం భోజనం చేసి గంటన్నర పడుకుంటే రాత్రి చాలా తేలిక. అలా పడుకున్నా సరే, బండి వద్దు.

మేనల్లుడి విషయంలో మాత్రం క్షమించాలి, రాత్రంతా కూర్చోబెట్టడం కుదరదు. అణిగి ఉన్న ఫిట్స్‌ని రెచ్చగొట్టేవాటిలో నిద్ర లేకపోవడం, మాత్ర వేళ తప్పడం మొదటి వరసలో ఉంటాయి. ఏడాదిన్నరగా రాలేదంటే మందు పనిచేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు. మొదటి సినిమా మీతో చూడనివ్వండి. అది అయ్యేసరికి పన్నెండు దాటుతుంది, అప్పుడు పంపడం కష్టమనుకుంటే మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపుచ్చి, రాత్రి మాత్ర వేళకి వేయించి, ఇంటర్వెల్‌కే మీ నలుగురిలో ఒకరు తోడు వెళ్లి దింపి రండి. అబ్బాయి చిన్నబుచ్చుకుంటే, డాక్టరు వద్దన్నాడని నా మీద పెట్టేయండి.